చెక్కుబందీ లేని జిల్లా

మొన్న ఉగాది మరునాడు మా మనుమడు ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, "తాతా, ఒకసారి చూసి ఆశీర్వదించు. రేపు సంతకం పెట్టాల" అన్నాడు. వాడు బళ్ళారిలో సోలారు పంపుల వ్యాపారం మొదలుపెడుతున్నాడు. పంపులు తయారుచేసే కంపెనీ వాడిని డీలరుగా నియమిస్తూ పంపిన ఒడంబడిక అది. ఇంగ్లీషులో నలభై పుటలు. పంపు చెడిపోతే ఎవరు బాగుచేయాలి, బాకీ నిలిస్తే వడ్డీ ఎంత, కంపెనీ పేరు కొట్టు పలక మీద ఎంత పొడుగున వ్రాయాలి, అన్నీ సవిస్తరంగా ఉన్నాయి. వీడు కట్టవలసిన పది లక్షల డిపాజిట్టు సంగతి మరీ సవిస్తరంగా ఉంది. ఇంతకూ వీడు ఎక్కడెక్కడ అమ్ముకోవచ్చునో ఏమైనా చెప్పారా అని వెదికితే, ముప్పై ఒకటో పుటలో ఒక్క పంక్తి కనబడింది: బళ్ళారి జిల్లా, దాని చుట్టుపక్కల ప్రాంతాలు.

నేను కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. "ఆశీర్వాదం తర్వాత. ముందొక పెన్సిలు తెచ్చియ్యి నాయనా" అన్నాను.

మనవాళ్లు అయిదు సెంట్ల యింటి స్థలం కొన్నా దస్తావేజులో చెక్కుబందీ వ్రాయించకుండా వదలరు. తూర్పున ఫలానావారి గోడ, దక్షిణాన పంచాయతీ దారి, పడమర ఫలానావారి పెరడు, ఉత్తరాన కాలువ అని నాలుగు హద్దులూ చెప్పి, ఈ మధ్యనున్న స్థలం అని వ్రాస్తేగాని రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కరు. ఒక అడుగు నేల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కడం మన యిళ్లలో అందరూ ఎరిగినదే. అటువంటివారమే లక్షల రూపాయల వ్యాపారానికి హద్దు వ్రాయవలసి వచ్చేసరికి "ఫలానా జిల్లా" అని ఒక్క మాటతో సరిపెడతాము. జిల్లా అంటే కొండవలె కదలనిదని మన నమ్మకం. అది కదులుతుందని నేను తొమ్మిదో యేట తెలుసుకొన్నాను. ఆ సంగతే మన పత్రిక చదువరులకు మనవి చేస్తాను.

మా నాయన బళ్ళారిలో కుట్టుమిషన్ల ఏజెంటు. 1947 మొదట్లో మద్రాసులోని ఒక కంపెనీ ఆయనతో రెండు పుటల ఒప్పందం చేసుకొన్నది. అందులో ఆయన ఎల్లను "మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లా" అని వ్రాశారు. మా మేనత్తను అనంతపురం యిచ్చారు. మా మామకు కూడా అదే కంపెనీ ఏజెన్సీ ఉండేది. ఆయన కాగితంలో "అనంతపురం జిల్లా" అని వ్రాసి ఉంది. నిజానికి ఆ ఏజెన్సీ మామకు ఇప్పించినది మా నాయనే. ఏటేటా దసరాకు అత్త పుట్టింటికి వచ్చేది. మామ వచ్చి నాలుగు రోజులుండి, బావలిద్దరూ అరుగు మీద కూర్చుని ఏ ఊళ్లో ఎన్ని మిషన్లు పోయినవో లెక్కలు చెప్పుకొని నవ్వుకొనేవారు.

ఆ రోజుల్లో మిషను రొక్కం పెట్టి కొనేవారు తక్కువ. కంతుల మీద ఇచ్చేవారు. నెలకు పది రూపాయలు. ఏజెంటు మనిషి ఊరూరా తిరిగి కంతు వసూలు చేసి రసీదు ఇచ్చేవాడు. వసూలైన ప్రతి కంతులోనూ ఏజెంటుకు కమీషను. కాబట్టి మిషను అమ్మిన నాటితో ఏజెంటు పని తీరేది కాదు. రెండేళ్లపాటు ఆ యింటితో రాకపోకలుండేవి. మా నాయనకు రాయదుర్గం తాలూకా పెట్టినపేరు. ముప్పై మైళ్ల పైచిలుకు దూరం, బళ్ళారి నుంచి రైలు. అక్కడ దర్జీలూ, ఇంట కూర్చుని రవికలు కుట్టుకొనే ఆడవారూ కలిసి అరవై మందికి పైగా మా కంతుల ఖాతాలో ఉండేవారు.

1949లో సండూరు సంస్థానం మద్రాసులో విలీనమై బళ్ళారి జిల్లాలో చేరింది. మా నాయన ఒప్పందం వ్రాసుకొన్న నాటికి సండూరు ఆ జిల్లాలో లేదు. అయినా ఆయన మరుసటి నెలలోనే సండూరు వెళ్లి మిషన్లు అమ్మి వచ్చాడు. "జిల్లాలో చేరింది గదా, జిల్లా మనదే గదా" అన్నాడు. కంపెనీ ఏమీ అనలేదు. ఎల్ల పెరిగినప్పుడు ఎవరూ కాగితం తీసి చూడరు.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. బళ్ళారి జిల్లాలోని పది తాలూకాలలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో చేరినవి. బళ్ళారితో కూడి మిగిలిన ఏడూ మైసూరులో చేరినవి. ఆదోని, ఆలూరులను కర్నూలు జిల్లాలోనూ, రాయదుర్గాన్ని అనంతపురం జిల్లాలోనూ కలిపారు. మా వీధిలో కొందరు సంతోషించారు, కొందరు తలుపులు వేసుకొని కూర్చున్నారు. మా నాయనకు రాష్ట్రం మారిన దిగులు కొంత, రాయదుర్గం దిగులు అంతకన్న ఎక్కువ. కంపెనీకి జాబు వ్రాశాడు: నేను సంతకం పెట్టిన నాటి బళ్ళారి జిల్లా నాది, సర్కారువారు గీత జరిపితే నా ఒప్పందం జరుగుతుందా? అనంతపురంలో మా మామ కూడా వ్రాశాడు: రాయదుర్గం ఇప్పుడు అనంతపురం జిల్లా, అనంతపురం జిల్లా నాది.

కంపెనీ జవాబు రెండు వాక్యాలలో వచ్చింది. జిల్లా అనగా ఇప్పుడున్న జిల్లా అని మొదటిది. పాత ఖాతాల విషయం ఏజెంట్లు తమలో తాము చూసుకోవలెనని రెండవది. ఆ రెండవ వాక్యమే మా కొంప ముంచింది.

మా నాయన పాత ఖాతాలు తనవే అనుకొన్నాడు. మా మామ, కంపెనీవారు పంపిన పట్టీలో ఆ పేర్లు ఉన్నవి గనుక తనవే అనుకొన్నాడు. ఇద్దరి మనుషులూ రాయదుర్గం తిరగసాగారు. ఒకనాడు దీపావళికి ముందు మా కొట్టుకు ఒకామె వచ్చింది. భర్త పోయి, రవికలు కుట్టి ఇద్దరు పిల్లలను సాకుకొంటున్న మనిషి. కొంగు ముడి విప్పి రెండు రసీదులు బల్ల మీద పెట్టింది. ఒకే నెల, ఒకే మిషను నంబరు. ఒకటి మా నాయన మనిషి ఇచ్చినది, రెండవది మామ మనిషి ఇచ్చినది. రెండవ పది రూపాయలకు ఇత్తడి బిందె తాకట్టు పెట్టిందట.

"స్వామీ, మిషను ఒకటే గదా, అప్పులు రెండెట్లాయె?" అన్నది.

ఆమె కోపంగా అనలేదు. లెక్క తెలియక నిజంగానే అడిగింది. నేను బడి నుంచి వచ్చి కొట్టులో కూర్చుని పలక మీద ఎక్కాలు వ్రాసుకొంటున్నాను. మా నాయన ముఖం నాకు ఈనాటికీ జ్ఞాపకం. పెట్టె తెరిచి పది రూపాయలు తీసి ఆమె చేతిలో పెట్టి, ఆ సాయంత్రమే రైలెక్కి రాయదుర్గం వెళ్లాడు, బిందె విడిపిద్దామని. అప్పటికే గడువు దాటి బిందె అమ్ముడుపోయింది. కొత్త బిందె కొని యిచ్చాడు. ఆమె పుచ్చుకొన్నది గాని, "దాని మీద మా యమ్మ పేరుండె స్వామీ" అన్నదట. మా నాయన ఆ మాట యింటికి వచ్చి మా అమ్మతో చెప్పి భోజనం చేయకుండా పడుకొన్నాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆలోచించే ఓపిక ఆనాడు ఎవరికుంది? మా నాయన కోపమంతా మామ మీదికి మళ్లింది. జాబులు నడిచినవి. "ముప్పై మైళ్ల దూరాన నేను పెంచిన ఊరిని అరవై మైళ్ల దూరాన కూర్చుని నువ్వు కోసుకొంటావా బావా?" అని ఈయన. "సండూరు కలిసినప్పుడు జిల్లా పెరిగిందంటివి. రాయదుర్గం పోయినప్పుడు మాత్రం తరగలేదంటావా బావా?" అని ఆయన. ఆ ప్రశ్నకు మా నాయన దగ్గర జవాబు లేదు. జవాబు లేని ప్రశ్న అడిగినవాణ్ణి క్షమించడం కష్టం. అత్త దసరాకు రావడం మానింది. ఒకటి కాదు, ఆరు దసరాలు. మా అవ్వ ప్రతి యేడూ ఓళిగలు చేసి, అందరికీ వడ్డించి, రెండు పక్కకు తీసిపెట్టి, సందె వేళకు వాటిని ఆవుకు పెట్టేది. ఏమీ అనేది కాదు.

1959లో మా అక్క పెళ్లి కుదిరింది. శుభలేఖ పోస్టులో పంపుతామని మా నాయన అంటే, అవ్వ లేచి, సంచిలో రెండు చీరలు పెట్టుకొని, ఒంటిగా అనంతపురం బస్సెక్కింది. అక్కడ అల్లుడి గుమ్మంలో కూర్చుని ఒక్కటే అడిగిందట: "నా బిడ్డను నీకిచ్చేటప్పుడు ఏ తాలూకాకని రాసిచ్చినాను నాయనా?" మరునాడు మామ, అత్త, పిల్లలు అందరూ ఆమె వెంట వచ్చారు.

పెళ్లి అయిన మూడోనాడు పందిట్లో బావలిద్దరూ మంచం మీద కూర్చున్నారు. నా దస్తూరి బాగుంటుందని నన్ను పిలిచి, మిగిలిన శుభలేఖ వెనుక వైపు వ్రాయమన్నారు. 1953 సెప్టెంబరు 30 వరకు అమ్మిన మిషన్ల కంతులు అమ్మినవానివి. ఆ తర్వాత రాయదుర్గం తాలూకాలో అమ్మినవి అనంతపురానివి. రాయదుర్గం మనిషి తనంతట తాను బళ్ళారి వచ్చి కొంటే బళ్ళారి కాదనకూడదు. కాని బళ్ళారి మనిషి రాయదుర్గం వెళ్లి అడగకూడదు. ఒక మిషనుకు ఒకే రసీదు పుస్తకం. ఈ నాలుగు మాటలు వ్రాయడానికి పావుగంట కూడా పట్టలేదు. దానికోసం ఆరేళ్లు పోయినవి. కంపెనీవారు ఆ నకలు చూసి మారుమాట లేకుండా ఒప్పుకొని ఇద్దరి ఒప్పందాలకూ జతచేశారు.

నేను జీవితంలో వ్రాసిన మొదటి ఒడంబడిక అదే. తర్వాత ఒక ప్లీడరుగారి వద్ద గుమాస్తాగా చేరి నలభై యేళ్లు ఇటువంటి కాగితాలే వ్రాశాను. ఎన్నో ఏజెన్సీలు, పాలికాపులు, డీలరు పత్రాలు నా చేతి మీదుగా పోయినవి. తగవుకు వచ్చిన వాటిలో ధర దగ్గర తగవు తక్కువ. ధర అంకెలో ఉంటుంది. తగవంతా ఊళ్ల పేర్ల దగ్గరే.

ఇది మా బళ్ళారి కథ మాత్రమే కాదు. ఈ పత్రిక చదివే యిళ్లన్నీ గీతకు అటో ఇటో పడినవే. బరంపురంవారిని అడగండి: 1936 ఏప్రిల్ 1 వరకు గంజాం మద్రాసులోనిది, ఆ నాటి నుంచి ఒరిస్సాలోనిది. హోసూరువారిని అడగండి: వారి ఊరు సేలం జిల్లాలో ఉండేది, 1965లో ధర్మపురి జిల్లాలోకి వచ్చింది, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది, ఊరు మాత్రం అంగుళం కదలలేదు. తిరుత్తణి 1960 ఏప్రిల్‌లో ఆంధ్ర నుంచి మద్రాసుకు పోయింది. షోలాపూరువారు బొంబాయి రాష్ట్రంలో పడుకొని 1960 మే 1న మహారాష్ట్రలో లేచారు. యానాం సంగతి చెప్పనే అక్కర్లేదు. 1954 దాకా ఫ్రెంచివారిది; నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిది; చుట్టూ గోదావరి సీమ. "ఆంధ్రప్రదేశ్ అంతటా" అని ఏజెన్సీ పుచ్చుకొన్నవాడు కాకినాడలో బండెక్కి యానాంలో సరుకు దించితే, కాగితం ప్రకారం పరాయి సీమలో అడుగుపెట్టినట్లే. దించకుండా దాటిపోతే వ్యాపారం తెలియనివాడే.

ఈ కాలంలోనైనా గీతలు నిలిచినవా? 2014 జూన్ 2 నాటికి "ఆంధ్రప్రదేశ్" అని వ్రాసి ఉన్న ఒప్పందాలన్నీ ఆ ఉదయం ఒక ప్రశ్నతో లేచినవి: హైదరాబాదు ఇందులో ఉన్నట్లా, లేనట్లా? 2016లో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినవి, 2019లో 33. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినవి. మా జిల్లా మరీ చిత్రం. హరపనహళ్లి 1997లో దావణగెరెకు పోయింది, 2018లో తిరిగి వచ్చింది, 2021లో హొసపేటతో పాటు విజయనగర జిల్లాలోకి పోయింది. మా నాయన ఏజెన్సీ పుచ్చుకొన్న బళ్ళారి జిల్లాలో ఇప్పటి బళ్ళారి జిల్లా ఏ పాటి? బళ్ళారి, సిరుగుప్ప, కంప్లి, కురుగోడు, సండూరు, ఈ అయిదు తాలూకాలే. ఇందులో సండూరు మొదట లేనే లేదు.

ఇంతకన్న విడ్డూరం సినిమావారిది. వారు చిత్రాన్ని అమ్ముకొనే మండలాలకు ఇప్పటికీ "నైజాం", "సీడెడ్" అనే పేర్లు. నైజాం రాజ్యం 1948లో పోయింది. ఆ హైదరాబాదు రాష్ట్రాన్ని 1956లో మూడు ముక్కలు చేశారు. 1800లో నైజాము ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసిన సీమ గనుక మన సీమకు సీడెడ్ అని పేరు. ఆ పేరులోని చిన్నతనం సహించక మన పెద్దలు 1928లో నంద్యాల సభలలో రాయలసీమ అని పేరు పెట్టుకొన్నారు. సినిమా కాగితాలలో మాత్రం దత్తం ఇంకా దత్తమే. పాత దత్తమండలమంటే అందులో బళ్ళారి కూడా ఉంది. ఇప్పటి రాయలసీమ జిల్లాలంటే లేదు. నైజాం అంటే పాత సంస్థానమని అర్థం చెప్పుకుంటే రాయచూరు, బీదరు, గుల్బర్గా, ఔరంగాబాదు అందులోనివే. నేటి తెలంగాణ అని చెప్పుకుంటే కావు. వ్యాపారంలో వాడుక బలమైనదే. వాడుక తెలిసిన ఇద్దరి మధ్య మాట సరిపోతుంది. వారి కొడుకుల కాలానికి కాగితం తప్ప సాక్షి ఉండడు. అందుకని పేరు ఏది పెట్టుకొన్నా, దాని కింద ఊళ్ల పట్టీ ఉండాలి.

చట్టం కూడా ఎల్ల అడుగుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షను ఉంది. ఎవరైనా తన వృత్తి, వ్యాపారం మానుకొంటానని వ్రాసిచ్చినా అది చెల్లదంటుంది. కలకత్తాలో ఒక పేటలో ఇద్దరు ఇత్తడి సామాను వర్తకులుండేవారు. పోటీ భరించలేక ఒకడు, నీ కొట్టు మూసుకో, నువ్వు పనివాళ్లకిచ్చిన బయానా నేను కట్టిస్తానన్నాడు. రెండవవాడు మూశాడు, మొదటివాడు కట్టలేదు. 1874లో హైకోర్టు ఆ ఒప్పందమే చెల్లదని చెప్పింది. ఒక్క పేటకే గదా అంటే కూడా వినలేదు. ఈ కట్టుబాటుకు చట్టమే యిచ్చిన మినహాయింపు ఒకటి: కొట్టును దాని మంచిపేరుతో సహా అమ్మినవాడు, కొన్నవాడికి పోటీగా అదే వ్యాపారం పెట్టనని ఒప్పుకోవచ్చు, కాని ఫలానా హద్దులలో అని చెప్పాలి, ఆ హద్దులు సబబుగా ఉన్నట్లు కోర్టుకు తోచాలి.

కంపెనీ తన ఏజెంట్లకు సీమలు పంచడం వేరు. పోటీదారులైన వర్తకులు ఇద్దరు కూడబలుక్కొని ఊళ్లు పంచుకోవడం వేరు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం మొదటిదానిని పోటీకి ఎంత హాని చేసిందో చూసి తీర్పు చెబుతుంది. రెండవదానిని హాని చేసినట్లే అనుకొని మొదలుపెడుతుంది. పందిట్లో మా పెద్దలు చేసిన పని ఈ రోజుల్లో చేయదలచినవారు కంపెనీని ముందు కూర్చోబెట్టుకొని, ప్లీడరును పక్కన కూర్చోబెట్టుకొని చేయడం మంచిది.

ఏ కోర్టు అన్నది కూడా ఎల్లలోనిదే. సేలంలోని ఒక ఏజెన్సీవారికీ గుజరాతులోని ఒక కంపెనీకీ తగవు వచ్చింది. కాగితంలో తగవులు కైరా కోర్టు అధికారానికి లోబడి ఉంటాయని వ్రాసి ఉంది. సేలంవారు సేలంలోనే దావా వేశారు. సుప్రీంకోర్టు 1989లో, కైరా అన్నారు గాని "మాత్రమే" అనలేదు గదా, సేలం కోర్టు వినవచ్చునన్నది. ఒక్క "మాత్రమే" లేక ఆ తగవు సుప్రీంకోర్టు దాకా నడిచింది. అందుకని నేను పెన్సిలు పుచ్చుకొంటే మొదట వెదికేది ఆ మాట కోసమే.

ఇక మనుమడి కాగితం దగ్గరికి వస్తాను. ఆ ఒక్క పంక్తి పక్కన నేను పెన్సిలుతో వ్రాసినవి ఇవి.

మొదటిది: చుట్టుపక్కల ప్రాంతాలు అన్నది కొట్టెయ్యి. బళ్ళారి చుట్టుపక్కల అంటే ఆలూరా, ఆదోనియా, రాయదుర్గమా? అవి మరొక రాష్ట్రం. అక్కడ మరొకడు ఇదే కాగితం మీద, ఇదే మాట మీద సంతకం పెట్టి ఉంటాడు. వాడి చుట్టుపక్కల నువ్వు, నీ చుట్టుపక్కల వాడు.

రెండవది: జిల్లా అని వ్రాయకు. తాలూకాల పేర్లు ఒక పట్టీగా వ్రాసి, ఫలానా తేదీన ఉన్న హద్దుల ప్రకారం అని కింద వ్రాయించు. పటం జతచేసి ఇద్దరూ దాని మీద సంతకం పెట్టండి. కొందరు పిన్‌కోడులు వ్రాస్తారు. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆ ఆరంకెలు సరుకు పంపడానికి చాలా అనుకూలమే గాని, అవి తపాలావారి సౌకర్యానికి గీసిన గీతలు. ప్రతిచోటా జిల్లా గీత మీదనే నడవవు. రెండూ వ్రాస్తే, రెంటికీ తేడా వచ్చినప్పుడు ఏది నిలబడుతుందో కూడా వ్రాయాలి.

మూడవది: రేపు ప్రభుత్వం గీత మారిస్తే? పాత గీతే నిలుస్తుందనవచ్చు, కొత్త గీత వెంట పోతామనవచ్చు. ఏదైనా సరే, ముందుగా చెప్పుకోవాలి. పెరిగినప్పుడు ఒక న్యాయం, తరిగినప్పుడు ఒక న్యాయం పనికిరాదు. పాత ఖాతాలు, మరమ్మత్తులు, రావలసిన బాకీలు ఎవరివో దానితోపాటే వ్రాయాలి.

నాలుగవది: ఎల్లలో అమ్మడమంటే ఏమిటి? రైతు కాపురం బళ్ళారిలో, పొలం ఆలూరులో. బిల్లు బళ్ళారిలో, బోరు ఆలూరులో. ఆ పంపు ఎవరిది? కొన్నవాడి ఇల్లు చూడాలా, సరుకు దించిన చోటు చూడాలా, పంపు బిగించిన చోటు చూడాలా? ఇప్పుడు ఫోను మీద వేలు పెట్టి బెంగుళూరు నుంచి సరుకు తెప్పించుకొంటున్నారు. అది ఏ తాలూకాలో అమ్మినట్లు? పంపు బిగించిన చోటే లెక్క అని వ్రాయించమన్నాను. మరమ్మత్తుకు వెళ్లవలసినవాడికే కమీషను రావడం ధర్మం.

అయిదవది: ఈ సీమ నీ ఒక్కడిదేనా? "సోల్" అని ఒక మాట వాడతారు, "ఎక్స్‌క్లూజివ్" అని ఒక మాట వాడతారు. మొదటిదానికి నిన్ను తప్ప మరొక డీలరును పెట్టము గాని మేము స్వయంగా అమ్ముకొంటాము అనీ, రెండవదానికి మేము కూడా అమ్మము అనీ సాధారణంగా అర్థం చెబుతారు. అర్థం చెప్పుకోవడానికి వదలకుండా, కంపెనీ తానే తన దుకాణం ద్వారా గాని ఫోను ద్వారా గాని ఈ తాలూకాలలో అమ్మవచ్చునా, కూడదా అన్నది విప్పి వ్రాయించుకోవాలి. అలాగే తనంతట వచ్చినవాడికి అమ్మడం, వెళ్లి అడిగి అమ్మడం వేరు చేసి చెప్పాలి. పందిట్లో మా మామ ఈ భేదాన్ని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు.

మనుమడు అంతా విని, "తాతా, యింత రాస్తే వాళ్లు డీలరుషిప్పే వద్దంటారేమో" అన్నాడు. ఈ భయం కుర్రవాళ్లకే కాదు, మా నాయనకూ ఉండేది. పెద్ద కంపెనీని ప్రశ్న అడిగితే ఎక్కడ కోపం వస్తుందోనని. నేను వాడికి రాయదుర్గం కథ చెప్పాను. అవ్వ కథ చెప్పినప్పుడు నవ్వాడు. బిందె కథ చెప్పినప్పుడు నవ్వలేదు. కంపెనీకి పోయేది కాగితంలో ఒక పంక్తి, ఏజెంటుకు పోయేది కొంత కమీషను. గీత మీద కాపురమున్న మనిషికి పోయేది తల్లి పేరు చెక్కిన బిందె. ఒప్పందం వ్రాసుకొనే ఇద్దరిలో ఎవరూ ఆమెను తలుచుకోరు.

వాడు మరునాడు కంపెనీకి ఫోను చేశాడు. ఆ ఉద్యోగి కోప్పడలేదు సరిగదా, మిగతా జిల్లాలవారితోనూ ఈ చిక్కు ఉన్నదని చెప్పి, పట్టీ వ్రాసి పంపమన్నాడట. పది రోజులకు కొత్త కాగితం వచ్చింది. అయిదు తాలూకాల పేర్లు, ఒక తేదీ, ఒక పటం. చుట్టుపక్కల ప్రాంతాలు పోయినవి. నేను పేర్లన్నీ వేలు పెట్టి చదివి, కాగితం మూసి, వాడి తల మీద చెయ్యి పెట్టాను.

రాయదుర్గం మాత్రం రాలేదు. వాడికి కొంచెం వెలితిగానే ఉంది. రాకపోతే పోనీ నాయనా అన్నాను. రాలేదని ముందే తెలిసింది గదా.